డిస్నీ వరల్డ్‌కి ఎన్ని రోజులు? నన్నడిగితే మూడు, మధ్యలో ఒకటి ఖాళీ

నార్త్ కరోలినాలోని షార్లెట్ నుంచి కారులో వెళ్లాం. తొమ్మిదేళ్ల అమ్మాయి, నాలుగేళ్ల అబ్బాయి, తెనాలి దగ్గరి పల్లె నుంచి వచ్చిన మా అత్తగారు, మామగారు, మేమిద్దరం. ఇలాంటి కుటుంబానికి ఫ్లోరిడాలోని ఆర్లాండోలో డిస్నీ వరల్డ్ పార్కులు మూడు రోజులు చాలు. ఆ మూడూ వరసగా కాదు, మధ్యలో ఒక రోజు పార్కు ఊసే ఉండకూడదు.

పార్కులు నాలుగు కాబట్టి నాలుగు రోజులు అని అందరూ లెక్క చెప్తారు. వాట్సాప్‌లో నాకొచ్చిన ఎక్సెల్ షీట్లన్నీ అంతే, పొద్దున ఏడు నుంచి రాత్రి బాణసంచా దాకా గంటగంటకీ ప్లాన్. వేసినవాళ్లు కుర్రాళ్లేనని చూడగానే తెలిసిపోతుంది. మోకాళ్ల నొప్పులున్న మనిషి, మధ్యాహ్నం నిద్రపోకపోతే సాయంత్రం ఊరంతా వినిపించేలా ఏడ్చే పిల్లాడు ఆ షీట్లలో ఎక్కడా ఉండరు.

టికెట్ ధరలు కూడా మనల్ని ఎక్కువ రోజులవైపే లాగుతాయి. రోజులు పెరిగేకొద్దీ రోజుకి పడే ధర తగ్గుతుంది. అక్కడే 'ఇంకొక్క రోజేగా, వేసేద్దాం' అనిపిస్తుంది. ఆ రోజుకి హోటల్ గది, పార్కింగ్ డబ్బులు, ఆరుగురి తిండి కలిపి చూడండి. ఇంకో సంగతి చాలామంది గమనించరు. మూడు రోజుల టికెట్‌ని అయిదు రోజుల్లోపు ఎప్పుడైనా వాడుకోవచ్చు, నాలుగు రోజులదైతే ఏడు రోజుల్లోపు. కాబట్టి మధ్యలో సెలవు తీసుకుంటే పైసా నష్టం లేదు. మూడేళ్లు నిండని పిల్లలకు టికెట్టే అక్కర్లేదు. పదేళ్లు వస్తే పెద్దవాళ్ల ధరే, కానీ ఆ తేడా కోసం పుట్టినరోజులు లెక్కపెట్టుకోనక్కర్లేదు.

మొదటి రోజు మ్యాజిక్ కింగ్‌డమ్‌కే ఇవ్వాలి, పూర్తిగా. 1971లో మొదట తెరిచింది ఇదే, పిల్లల కళ్లలో ఉండే కోట ఉన్నదీ ఇక్కడే. డిస్నీది కాని బయటి హోటల్లో దిగితే మాత్రం ఒకటి గుర్తుంచుకోండి. కారు పార్కు గేటు దాకా పోదు. దూరంగా ఆపి, అక్కడి నుంచి మోనోరైలో, చెరువు దాటించే ఫెర్రీయో ఎక్కాలి. పార్కింగ్ నుంచి కోట ముందుకు చేరడానికి గంట చేతిలో ఉంచుకుంటే టెన్షన్ ఉండదు. వీల్‌చైర్ లోపల అద్దెకిస్తారు. మామగారు 'పొలం గట్ల మీద తిరిగినవాణ్ణి, నాకెందుకు' అన్నారు. అత్తగారు మారుమాట లేకుండా కూర్చున్నారు. మధ్యాహ్నానికి ఆవిడ హుషారుగా ఉన్నారు, ఈయన ప్రతి బెంచీ దగ్గరా ఆగుతున్నారు.

పెద్దవాళ్లకు ఇక్కడ నా సలహా పీపుల్‌మూవర్ అనే చిన్న రైలులాంటి రైడ్. పైనుంచి మెల్లగా తిప్పుతుంది, గాలి తగులుతుంది, కుదుపుల్లేవు. తర్వాత కెరోసెల్ ఆఫ్ ప్రోగ్రెస్, ఏసీలో కూర్చుని చూసే షో. లైన్లు తప్పించే లైట్నింగ్ లేన్ డబ్బులు పెట్టాలనుకుంటే ఈ ఒక్క పార్కులోనే పెట్టండి. దాని ధర రోజును బట్టి మారుతుంది, సెలవుల్లో గట్టిగానే ఉంటుంది.

రెండో రోజు పార్కు లేదు. పక్క ఊరు కిస్సిమ్మీలో వంటగది ఉన్న సూట్ తీసుకున్నాం కాబట్టి పప్పు, అన్నం, ఆవకాయ, నిద్ర. సాయంత్రం ఈత కొలను. ఓపిక ఉన్నవాళ్లు క్యాసెల్‌బెర్రీలో ఉన్న హిందూ దేవాలయానికి వెళ్లొచ్చు. గంట ప్రయాణం అనుకుంటే కెన్నెడీ స్పేస్ సెంటర్ ఉంది గానీ, అది మళ్లీ రోజంతా నడకే, సెలవు కిందికి రాదు.

మూడో రోజు ఎప్‌కాట్ పార్కు. పిల్లలకు బోర్ అంటారు. మా ఇంట్లో అందరికంటే ఎక్కువ సంతోషపడింది అక్కడే, అదీ మామగారు. లివింగ్ విత్ ద ల్యాండ్ అని ఒక పడవ ప్రయాణం ఉంది. గ్రీన్‌హౌస్‌ల మధ్యనుంచి తీసుకెళ్తారు. మట్టి లేకుండా గాల్లో వేలాడే మొక్కలు, చెట్టంత పెరిగిన టమాటా, చేపల తొట్లు. జీవితమంతా సేద్యం చేసిన మనిషి, పడవ దిగగానే 'ఇంకోసారి ఎక్కుదామా' అన్నారు. పైగా దానికి లైన్ కూడా చిన్నదే. ఆ తర్వాత ఇంకే రైడ్ చూపించినా 'బాగుంది' అని మర్యాదకి అన్నారంతే. ఎప్‌కాట్‌లోనే ఒక చెరువు చుట్టూ 11 దేశాల మండపాలున్నాయి, మన దేశం లేదు. మైలు పైగా నడక, ఎండ చల్లబడ్డాక మొదలుపెట్టండి.

నాలుగో రోజు యానిమల్ కింగ్‌డమ్ పార్కు. దీనికి సగం రోజు చాలు, అయితే ఆ సగం పొద్దున్నే కావాలి. తెరవగానే కిలిమంజారో సఫారీకి వెళ్తే జంతువులు కదులుతూ కనిపిస్తాయి. ఎండెక్కితే చెట్ల కింద వీపులే. మేం వెళ్లింది జూన్‌లో. 'మన రోహిణి కార్తె కంటే నయమే' అని అత్తగారు తేల్చేశారు కానీ, అక్కడ మధ్యాహ్నం ఉరుములతో వాన దిగుతుంది, దిగితే బయటి రైడ్లు ఆపేస్తారు. అందుకే భోజనం వేళకి బయటపడేలా ప్లాన్ చేసుకుంటే మంచిది. తిండి ఇంటి నుంచి తీసుకెళ్లొచ్చు, గాజు సీసాలు మాత్రం రానివ్వరు. పులిహోర, పెరుగన్నం డబ్బాల్లో పెట్టుకుంటే ఆరుగురికి ఒక పూట ఖర్చు మిగులుతుంది.

నాలుగో పార్కు, హాలీవుడ్ స్టూడియోస్, వదిలేశాం. అక్కడి పేరున్న రైడ్లకు ఎత్తు కావాలి. స్లింకీ డాగ్‌కి 38 అంగుళాలు, టవర్ ఆఫ్ టెర్రర్‌కి 40. మావాడు ఇంట్లో గోడకి ఆనించి కొలిస్తే 37 దగ్గర ఆగాడు. పెద్దవాళ్లు అవి ఎలాగూ ఎక్కరు. అక్కడికెళ్తే ఒక్క అమ్మాయి కోసం అయిదుగురం బయట నిలబడాలి. స్టార్ వార్స్ సినిమాల రైడ్లున్నది ఈ పార్కులోనే, కాబట్టి ఆ పిచ్చి ఉన్న పిల్లలుంటే మాత్రం నా మాట వినొద్దు, నాలుగు రోజుల టికెట్ కొనండి, అదీ వాళ్ల ఎత్తు కొలిచాకే.