సీబీ రేడియో బిగించుకునేవారికి హెచ్చరిక: మాటలు వినిపించగానే డబ్బు చెల్లించకండి

వాహనంలో సిటిజన్స్ బ్యాండ్ రేడియోను, అంటే దగ్గరలోని ఇతర వాహనాలవారితో మాట్లాడుకోవడానికి వాడే, వాడుకలో సీబీ సెట్టు అని పిలిచే పరికరాన్ని, పెట్టించుకోవాలని అనుకుంటున్నవారు, ముఖ్యంగా బిగింపు పనిని కూడా అమ్మినవారికే అప్పగించాలని అనుకుంటున్నవారు, నాకు జరిగిన నష్టం గురించి తెలుసుకున్న తరువాతే ముందుకు వెళ్లాలని ఈ హెచ్చరిక రాస్తున్నాను. సెట్టు, యాంటెన్నా, కేబుల్, బిగింపు కూలి అన్నీ కలిపి ఒకే మొత్తానికి ఒక దుకాణంలో మాట్లాడుకున్నాను. మూడు వారాలు నిండకముందే సెట్టులోని ప్రసార భాగం కాలిపోయింది. దుకాణదారు తప్పంతా నా వాడకానిదేనని తేల్చేశాడు. ఆ తరువాత మీటరు పెట్టి చూస్తే సెట్టులో పుట్టుకతో ఏ లోపమూ లేదనీ, దాన్ని చంపింది బిగింపేననీ తెలిసింది.

బిగింపు గంటలోపే ముగిసింది. మీట తిప్పగానే సెట్టు వెలిగింది, ఎక్కడో ప్రయాణిస్తున్న ఇద్దరు డ్రైవర్ల సంభాషణ స్పష్టంగా వినిపించింది, బిగించిన వ్యక్తి నా వైపు తిరిగి ఇంతకంటే రుజువు ఏం కావాలన్నట్టు చూశాడు. నేనూ సంతృప్తిపడి డబ్బు చెల్లించాను. నేను చేసిన అసలు పొరపాటు అదే కనుక ఈ విషయం కొంచెం వివరంగా చెప్పాలి. సీబీ పనిచేసే 27 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో గాలిలోనే సహజమైన రొద, యంత్రాల రొద చాలా ఎక్కువగా ఉంటుంది. యాంటెన్నా సరిగా లేకపోతే వచ్చే మాట బలం తగ్గుతుంది, నిజమే, కానీ దానితోపాటు వచ్చే రొద కూడా అదే పాళ్లలో తగ్గుతుంది. కాబట్టి మన చెవికి పెద్దగా తేడా తెలియదు. మనం మాట్లాడినప్పుడు మాత్రం లెక్క మారిపోతుంది, ఎందుకంటే మన మాట బలహీనపడి అవతలి సెట్టుకు చేరుతుంది గానీ అక్కడి రొద మన కోసం తగ్గదు. అందువల్ల ఎదుటివారి మాటలు మనకు చక్కగా వినిపించడం మన యాంటెన్నా బాగుందనడానికి సాక్ష్యం కాదు.

నాకు జరిగింది సరిగ్గా ఇదే. రెండు వాహనాల్లో కలిసి వెళ్లిన మొదటి ప్రయాణంలో, మిత్రుడి మాటలు నాకు చాలా దూరం వరకు అందాయి, నా మాటలు మాత్రం అర కిలోమీటరు దాటితే అతనికి ముక్కలు ముక్కలుగా చేరాయి. నాకు వినబడుతోంది కదా అన్న ధీమాతో అతని సెట్టునే అనుమానించాను. స్క్వెల్చ్, అంటే బలహీనమైన సంకేతాలను, రొదను వినబడకుండా ఆపే మీట, ఎక్కువ పెట్టుకున్నావేమో చూడమని రెండుమూడుసార్లు విసుక్కున్నాను కూడా, ఆ మాటకు తరువాత క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. రెండో వారానికి సెట్టు వెనుక భాగం చేయి పెట్టలేనంతగా వేడెక్కడం గమనించాను. మూడో వారంలో ఒకరోజు మైకు మీట నొక్కితే ఎర్ర దీపం వెలిగింది గానీ పక్కనే నిలిపి ఉన్న వాహనానికి కూడా నా మాట చేరలేదు. ప్రసారంలో చివరి దశగా పనిచేసే పవర్ ట్రాన్సిస్టర్ పోయింది.

దుకాణానికి తీసుకువెళ్తే మొదట మీట ఎక్కువసేపు నొక్కి పట్టుకోవడం వల్ల ఇలా జరిగిందన్నారు. హామీ పత్రం చూపిస్తే, వినియోగదారుడి పొరపాటుకు అది వర్తించదన్నారు. నాలుగు వాట్ల ప్రసారానికి తయారైన సెట్టు ఒక నిమిషం మాట్లాడితే కాలిపోవడం మామూలు విషయం కాదని నేను వాదించాను. అప్పుడు వారు ఇచ్చిన సలహా ఇంకా ఆశ్చర్యం కలిగించింది: కొత్త సెట్టు కొనుక్కుని, దానికి తోడు ఒక ఆంప్లిఫయర్ పెట్టించుకుంటే దూరం సమస్య కూడా తీరిపోతుందట. ఈ సలహా మీకు ఎవరిచ్చినా దయచేసి అక్కడి నుంచి లేచి వచ్చేయండి. అవతలి సెట్టు మీటరులో మన సంకేతం ఒక ఎస్ యూనిట్, అంటే సంకేత బలాన్ని చూపే ఒక మెట్టు, పెరగాలంటే ఆరు డెసిబెల్‌లు, అంటే నాలుగు రెట్లు శక్తి కావాలి. యాంటెన్నా సరిగా లేక సెట్టులోకే తిప్పికొడుతున్న శక్తిని నాలుగు రెట్లు చేయడమంటే చిల్లు కుండలో ఇంకా వేగంగా నీళ్లు పోయడమే. అదీగాక, అమెరికా వంటి దేశాల్లో సీబీ సెట్టుకు ఆంప్లిఫయర్ జోడించడం చట్టవిరుద్ధం. అక్కడి నిబంధన ప్రకారం మామూలు ఏఎం ప్రసారానికి నాలుగు వాట్లు, సింగిల్ సైడ్‌బ్యాండ్ అనే మరో ప్రసార పద్ధతికి గరిష్ఠంగా పన్నెండు వాట్లు మాత్రమే అనుమతిస్తారు.

చివరికి అమెచ్యూర్ రేడియో లైసెన్సు ఉన్న ఒక పరిచయస్తుడు తన యాంటెన్నా అనలైజర్ తీసుకువచ్చాడు. అది అతి స్వల్పమైన సంకేతంతో యాంటెన్నాను పరీక్షిస్తుంది కాబట్టి చచ్చిపోయిన నా సెట్టుతో పని పడలేదు. స్టాండింగ్ వేవ్ రేషియో, అంటే ఈ రంగంలో అందరూ ఎస్‌డబ్ల్యూఆర్ అనే అంకె, బ్యాండు ఈ చివర నుంచి ఆ చివర వరకు ఎక్కడ చూసినా మూడు పైనే ఉంది. ఈ అంకె ఒకటికి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. ఒకటిన్నర ఉంటే పంపిన శక్తిలో నాలుగు శాతం, రెండు ఉంటే పదకొండు శాతం, మూడు ఉంటే ఇరవై ఐదు శాతం యాంటెన్నా నుంచి వెనక్కి సెట్టులోకే తిరిగివస్తాయి. మూడు దాటిన యాంటెన్నాతో మాట్లాడకూడదని సెట్టుతో వచ్చే చిన్న పుస్తకాల్లో సాధారణంగా రాసే ఉంటుంది. బిగించిన వ్యక్తి దగ్గర మీటరు లేదు, నేను ఆ పుస్తకం తెరవలేదు.

కారణం వెతకడానికి ఎక్కువ సమయం పట్టలేదు. వాహనం పైకప్పు మీది సామాను కడ్డీకి యాంటెన్నా ఆధారాన్ని బోల్టుతో బిగించాడు, ఆ కడ్డీకి మందమైన రంగు పూత ఉంది, కడ్డీకీ పైకప్పుకీ మధ్య రబ్బరు ముక్కలు ఉన్నాయి. అంటే ఆధారానికి బాడీ ఎర్త్, అంటే వాహనపు లోహపు బాడీతో విద్యుత్ కలయిక, అందనే లేదు. ఇలాంటి యాంటెన్నాలో మనకు కనిపించే కడ్డీ సగం భాగం మాత్రమే, దాని కింద ఉన్న లోహపు బాడీ మిగతా సగంగా పనిచేయాలి. ఇక్కడ ఒక చిన్న జాగ్రత్త: మల్టీమీటరుతో ఎర్త్ పరీక్షించేటప్పుడు ముందు సెట్టు వెనుక నుంచి కేబుల్ విప్పాలి. లేకపోతే కేబుల్ లోపలి తీగ చుట్టూ ఉండే జల్లెడ తీగ ద్వారా, సెట్టు ద్వారా, బ్యాటరీ ఎర్త్ తీగ ద్వారా చుట్టుతిరిగి కలిసిన దారిని చూపించి మీటరు అంతా బాగుందని మోసం చేస్తుంది. మేము కేబుల్ విప్పి చూస్తే ఆధారానికీ బాడీకీ మధ్య ఏ కలయికా లేదు.

రంగు పూతను గరుకు కాగితంతో లోహం మెరిసే వరకు గీకి, పళ్లున్న వాషరు వేసి, ఆధారం నుంచి బాడీకి వెడల్పాటి అల్లిక తీగను పొట్టిగా బిగించిన తరువాత అంకెలు ఒక్కసారిగా దారికి వచ్చాయి. ఒకటో ఛానల్‌లో 1.7, ఇరవయ్యో ఛానల్‌లో 2, నలభయ్యో ఛానల్‌లో 2.4 చూపించింది. ఒకటో ఛానల్ కంటే నలభయ్యో ఛానల్‌లో అంకె ఎక్కువగా ఉంటే యాంటెన్నా పొడవు ఎక్కువైందని, ఒకటో ఛానల్‌లో ఎక్కువగా ఉంటే పొడవు చాలలేదని అర్థం. పైనున్న సన్నని కడ్డీని కొన్ని మిల్లీమీటర్ల చొప్పున కిందికి దించుకుంటూ, ప్రతిసారీ మళ్లీ కొలుస్తూ మూడు ఛానళ్లలోనూ ఒకటిన్నరకు లోపలికి తెచ్చాము. కత్తిరించాల్సిన రకం యాంటెన్నా అయితే ఈ ఓపిక ఇంకా ఎక్కువ అవసరం, ఎందుకంటే కత్తిరించిన ముక్కను మళ్లీ అతికించడం కుదరదు.

విద్యుత్ సరఫరా విషయం కూడా చెప్పాలి, ఎందుకంటే అది ఇంకా ప్రమాదకరమైనది. సెట్టుతో వచ్చిన తీగలో ఫ్యూజు గొట్టం ఉంటుంది. అది పొడవు చాలడం లేదని కత్తిరించి పారేసి, డ్యాష్‌బోర్డు వెనుక ఏదో ఒక తీగకు మెలిపెట్టి టేపు చుట్టేశాడు. ఏ రక్షణా లేని ఆ తీగ ఎక్కడైనా ఒరిపిడికి పూత పోయి బాడీకి తగిలి ఉంటే నష్టం సెట్టుతో ఆగేది కాదు. ఇంజను వేగంతోపాటు సన్నని ఈల శబ్దం పెరిగిపోవడానికి కూడా ఆ కలయికే దోహదం చేసింది. ఇప్పుడు రెండు తీగలనూ నేరుగా బ్యాటరీ దగ్గరకు తీసుకువెళ్లి, బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టాము. ఈల చాలావరకు పోయింది. భారీ వాహనాలు నడిపేవారు ముందుగా తమ బ్యాటరీ వ్యవస్థ ఎన్ని వోల్టులదో చూసుకోవాలి. పన్నెండు వోల్టుల సెట్టును ఇరవై నాలుగు వోల్టులకు కలిపితే మొదటి క్షణంలోనే కథ ముగిసిపోతుంది.

అమ్మేటప్పుడు చెప్పే దూరాల గురించి కొంచెం. నాకు నలభై కిలోమీటర్లు అందుతుందని చెప్పారు. వాహనం నుంచి వాహనానికి, చదునైన నేల మీద, సరిగ్గా సర్దిన యాంటెన్నాతో అయిదు నుంచి పది కిలోమీటర్లు అందితే సంతోషించాలి. సూర్యుడి మీద మచ్చలు ఎక్కువగా ఉండే సంవత్సరాల్లో, పై వాతావరణంలోని అయనో ఆవరణం ఈ తరంగాలను తిప్పి పంపడం వల్ల వేల కిలోమీటర్ల అవతలి గొంతులు కూడా వినిపిస్తాయి, నిజమే. అయితే అది మనం కోరినప్పుడు దొరికేది కాదు, పైగా అలాంటి రోజుల్లో దూరపు గొంతుల రొదలో పక్క వాహనం మాటే వినిపించకపోవచ్చు. అదనపు ఛానళ్ల కోసం లోపల తీగలు కత్తిరించి ‘ఓపెన్ చేసిన’ సెట్లను కూడా నాకు గొప్పగా చూపించారు. అవి అనుమతి లేని ఫ్రీక్వెన్సీలలోకి వెళ్తాయి, మాట గట్టిగా వినిపించాలని లోపలి పరిమితిని తీసేసిన సెట్లయితే పక్క ఛానళ్ల మీద కూడా చిమ్ముతాయి. అలాగే, సీబీ అని రాసి ఉన్నంత మాత్రాన అన్ని సెట్లూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోలేవు. చాలాచోట్ల వాడే నలభై ఛానళ్లు 26.965 నుంచి 27.405 మెగాహెర్ట్జ్ వరకు ఉంటే, బ్రిటన్ 1981లో తొలిసారి అనుమతించిన నలభై ఛానళ్లు 27.60125 మెగాహెర్ట్జ్ దగ్గర మొదలవుతాయి. పాత సెట్టు చవకగా దొరికిందని తీసుకునేముందు అది ఏ వరుసకు చెందినదో, ఏఎమ్మో ఎఫ్ఎమ్మో చూసుకోవాలి, మీరు ఉన్న దేశపు నిబంధనలనూ చదువుకోవాలి.

కాబట్టి బిగింపు మాట్లాడుకునేటప్పుడే ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు మీ దగ్గర ఉందా అని అడగండి. లేదంటే, లేదా అక్కర్లేదంటే, సెట్టు మాత్రమే కొనుక్కుని బిగింపు వేరేవారికి ఇవ్వండి. ఉంటే, తలుపులన్నీ మూసి, గోడలకూ ఇతర వాహనాలకూ దూరంగా ఆరుబయట నిలిపి, ఒకటి, ఇరవై, నలభై ఛానళ్లలో మీ కళ్ల ముందే కొలిపించి, ఆ మూడు అంకెలనూ బిల్లు మీదే రాయించుకుని సంతకం తీసుకోండి. కేబుల్ మీద ముద్రించిన అక్షరాలు చదవండి: అది ఆర్‌జీ-58 వంటి యాభై ఓమ్‌ల రకం కావాలి, టీవీలకు వాడే డెబ్బై అయిదు ఓమ్‌ల కేబుల్ పైకి ఒకేలా కనిపించినా ఇక్కడ పనికిరాదు. యాంటెన్నా తగిలించకుండా సెట్టును పరీక్షించి చూపిస్తామంటే మైకు మీట నొక్కనివ్వకండి, ఆ కొద్ది క్షణాలకే చివరి ట్రాన్సిస్టర్ దెబ్బతినవచ్చు, ఆ దెబ్బ బయటపడేది మీరు ఇంటికి వెళ్లిన తరువాత.

ట్రాన్సిస్టర్ మార్పించిన నా పాత సెట్టు ఇప్పుడు అదే యాంటెన్నాతో పనిచేస్తోంది, మిత్రుడి వాహనానికి ఏడు కిలోమీటర్ల వరకు నా మాట తెగకుండా చేరుతోంది. మిగిలిన ఇబ్బంది ఒక్కటే: ఇంధన పంపు నుంచి వచ్చే టకటక శబ్దం ఇంకా వినిపిస్తూనే ఉంది, పంపు తీగల మీద రొదను అడ్డుకునే ఫెరైట్ పూసలు వేసి చూస్తున్నాను.