'ఆయీ కుఠే కాయ్ కర్తే': ఐదేళ్లు చూశాక నా మాట

సోలాపూర్‌లో తెలుగిళ్లకు కొదవ లేదు. వీధిలో మరాఠీ, వంటింట్లో తెలుగు, టీవీలో మాత్రం రెండూ. అలా మరాఠీ ఛానెల్ స్టార్ ప్రవాహ్‌లో 2019 డిసెంబరులో మొదలైన ఈ సీరియల్ (పేరుకి అర్థం 'అమ్మ ఏం చేస్తుంది గనక' అని) 2024 నవంబరు చివర్లో ముగిసేదాకా మా ఇంట్లో నడిచింది. మధ్యలో నేను విసుగొచ్చి మానేసినా మా అత్తయ్య మానలేదు. ఆవిడ రిమోట్ ఇస్తే కదా!

కథ కొత్తదేం కాదు. బెంగాలీ 'శ్రీమొయీ'కి రీమేక్. హిందీ 'అనుపమ', మన 'ఇంటింటి గృహలక్ష్మి' కూడా అక్కణ్ణుంచి వచ్చినవే. గృహలక్ష్మిలో తులసిని చూసినవాళ్లకి ఇక్కడి ఇల్లాలు అరుంధతి ఎవరో చెప్పక్కర్లేదు. దేశ్‌ముఖ్‌ల ఇల్లు 'సమృద్ధి', ముగ్గురు పిల్లలు, అత్తమామలు, ఆఫీసులో సంజనతో సంబంధం నడిపే భర్త అనిరుద్ధ. అందరికీ అన్నీ అమర్చిపెట్టే మనిషిని మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

అయినా చూడాలనిపించింది మధురాణీ ప్రభుల్కర్ వల్లే. ఆమె అరుంధతి గొంతు పెంచదు. పిల్లలు "నీకివేం అర్థం కావులే అమ్మా" అన్న ధోరణిలో మాట్లాడినప్పుడు ముఖంలో అరక్షణం ఏదో కదులుతుంది, అంతలోనే చేతిలో పనిలో పడిపోతుంది. అదే వేరే సీరియల్లో అయితే మూడుసార్లు జూమ్, ఉరుము శబ్దం! మిలింద్ గవళీ అనిరుద్ధ కూడా అంతే, విలన్‌లా కళ్లెర్రజేయడు. తప్పంతా తను చేసి, అన్యాయం తనకే జరిగిందని నిజంగా నమ్ముతాడు. అందుకే వాణ్ని చూస్తే ఎక్కువ ఒళ్లు మండేది.

భర్త సంగతి బయటపడ్డాక విడాకుల దాకా నడిచిన భాగం ఈ సీరియల్‌కి ప్రాణం. అత్త కాంచన్ కొడుకుని తిడుతూనే సర్దుకోవాల్సింది కోడలే అంటుంది. మామగారు అప్పా కోడలి పక్షాన నిలబడతారు. ఆ ఇద్దరి మధ్య వాదన వచ్చినప్పుడల్లా మా హాల్లోనూ రెండు పార్టీలు తయారయ్యేవి. మా అత్తయ్య ఏ పార్టీయో చెప్పను.

సంజన గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు గానీ, నాకు బాగా నచ్చిన మలుపు ఆమెదే. మొదట దీపాలీ పాన్సరే చేసింది, 2020లో ఆ పాత్రలోకి రూపాలీ భోస్లే వచ్చింది. అనిరుద్ధని పెళ్లి చేసుకుని అదే ఇంట్లో కోడలిగా అడుగుపెట్టాక అవే సాధింపులు, అదే భర్త నిర్లక్ష్యం. పైగా మాటమాటకీ అరుంధతితో పోలిక. ఆమె మీద జాలి పడే రోజొస్తుందని మొదట్లో ఎవరైనా అంటే నవ్వేదాన్ని.

ఇక 2023లో అశుతోష్‌తో అరుంధతి పెళ్లి. ఎదిగిన పిల్లలున్న తల్లి మళ్లీ పెళ్లి చేసుకోవడాన్ని ప్రైమ్ టైమ్‌లో తొందరపడకుండా, వెకిలి లేకుండా చూపించారు. దానికి మెచ్చుకోవాల్సిందే. ఆ తర్వాతే సరుకు అయిపోయింది. పెద్దకొడుకు కాపురంలో గొడవ వచ్చినా, కూతురు అలిగినా, అందరూ అరుంధతికే ఫోన్. ఆవిడ బయటికొచ్చింది సమృద్ధి నుంచా, పక్కగదికా అని అనుమానం వచ్చేది. చివరికి అశుతోష్‌ని కూడా చంపేశారు. అది కథకి అవసరమై జరిగినట్టు నాకైతే అనిపించలేదు. 2024లో సాయంత్రం ఏడున్నర నుంచి మధ్యాహ్నం రెండున్నరకి మార్చాక నాలాంటి ఉద్యోగాల వాళ్లకి అలవాటు కూడా తప్పింది.

ఓటీటీలో ఇప్పుడు మొదలుపెట్టేవాళ్లు విడాకుల దాకా వరసగా చూడండి. అక్కణ్ణుంచి అశుతోష్ పెళ్లి దాకా పిల్లల గొడవలు దాటేసినా కథ అర్థమవుతుంది. హిందీ వచ్చినవాళ్లకి ఈ మరాఠీ చెవికి పట్టడానికి ఎన్నో రోజులు పట్టదు. ఆ తర్వాతి భాగం సంజన కోసం అయితే చూడొచ్చు, అరుంధతి కోసం మాత్రం వద్దు.