జోమ్‌టియన్, పట్టాయా (థాయ్‌లాండ్) తెలుగువాళ్ళకి హెచ్చరిక: ఆ వీసా ఏజెంట్ చేతికి పాస్‌పోర్ట్ ఇవ్వకండి

ఇంకా వణుకు తగ్గలేదు. అయినా ఇవాళే రాయాలి. సంక్రాంతికి ఇంటికెళ్ళేవాళ్ళు చాలామంది ఉన్నారు, మీలో సగంమంది పాస్‌పోర్టులు ఈపాటికి అతని బ్యాగులోనే ఉండి ఉంటాయి. పేరు రాయను. సాయంత్రం పూట బీచ్ రోడ్డు మీద నడిచే మనవాళ్ళలో అతన్ని ఎరగనివాళ్ళు లేరు. తెలుగబ్బాయి, అంకుల్ ఆంటీ అంటూ చేతిలో సంచి అందుకుంటాడు, అతనే.

మా సంగతి క్లుప్తంగా చెప్తాను. మావారిది రిటైర్మెంట్ ఎక్స్‌టెన్షన్, అంటే రిటైరైనవాళ్ళు ఏడాది పాటు ఇక్కడ ఉండడానికి ఇచ్చే పొడిగింపు. దానికి చూపించాల్సిన 800,000 బాట్లు ఇక్కడి బ్యాంకులో ఆయన పేరున ఉన్నాయి, నాది భార్యగా ఆయన మీద డిపెండెంట్. ఇద్దరికీ ఏడాది ముద్ర సజావుగానే పడింది. ఇంతలో మా అన్నయ్యకి బాగాలేదని కబురొచ్చింది. రీ-ఎంట్రీ పర్మిట్ (తిరిగి రావడానికి వెళ్ళేముందే తీసుకునే అనుమతి) లేకుండా దేశం దాటితే ఆ ఏడాది ముద్ర అక్కడితో రద్దయిపోతుందని ఇక్కడుండే అందరికీ తెలిసిందే. మావారికి మోకాళ్ళ నొప్పులు, సోయి 5 ఇమిగ్రేషన్ ఆఫీసులో అంతసేపు కూర్చోలేరు. అందుకని ఇద్దరికీ మల్టిపుల్ రీ-ఎంట్రీ చేయించమని అతనికి అప్పజెప్పాం. తలా 3,800 చొప్పున 7,600 బాట్ల ఫీజు, ఆ పైన అతని చార్జీ, మొత్తం ముందే చేతిలో పెట్టాం.

రేపు, ఎల్లుండి అంటూ సాగదీసి, ఎయిర్‌పోర్టుకి కారు వచ్చి నిలబడ్డాక పాస్‌పోర్టులు తెచ్చాడు. మా కాండో కింద, లిఫ్టు పక్కన. మావారి పాస్‌పోర్టు తెరిచి, రీ-ఎంట్రీ ముద్ర మీద వేలు పెట్టి, "ఇదిగో అంకుల్, మల్టిపుల్, మీ ఎక్స్‌టెన్షన్ ఉన్నంతకాలం ఎన్నిసార్లయినా వెళ్ళిరండి" అని తేదీ కూడా చదివి చూపించాడు. నాది అడిగితే, "ఆంటీదీ సేమ్, పక్కపక్కనే వేయించా" అంటూ రెండూ కలిపి కవర్లో పెట్టి, జిప్పు లాగి, తనే నా హ్యాండ్‌బ్యాగులో దోపాడు. డ్రైవర్ తొందరపెడుతున్నాడు. నాకిప్పటికీ ఆ జిప్పు లాగిన చెయ్యే కళ్ళ ముందు ఆడుతోంది. నా పాస్‌పోర్టులో ముద్ర లేదని ఆ క్షణాన అతనికి తెలుసు. తెలిసే ఆ కవరు మూశాడు.

వెళ్ళేటప్పుడు కౌంటర్లో ఎవరూ ఏమీ అడగలేదు. తిరిగొచ్చాక బ్యాంకాక్ సువర్ణభూమి ఎయిర్‌పోర్టులో మావారికి రెండు నిమిషాల్లో ముద్ర కొట్టి పంపేశారు. నా పాస్‌పోర్టు తీసుకున్న అమ్మాయి ముందు నుంచి వెనక్కి తిప్పింది, వెనక నుంచి ముందుకి తిప్పింది, పక్క కౌంటర్ వాళ్ళని పిలిచింది. ఆవిడ తప్పేం లేదు, ఎంతో మర్యాదగా చెప్పింది. రీ-ఎంట్రీ లేదు, మీరు వెళ్ళిన రోజే ఎక్స్‌టెన్షన్ పోయింది, టూరిస్టుగా అయితే రానివ్వగలం అని. గీతకి అవతల మావారు, ఇవతల నేను. ఇద్దరం ఒకే ఇంటికి వెళ్ళాలి, కానీ ఆయన ముద్రకి గడువు ఒకటి, నా ముద్రకి గడువు ఇంకొకటి.

బ్యాగేజీ దగ్గర నుంచే ఫోన్ చేశాను. నేను చెప్పేది సగం కూడా వినలేదు.

"అంకుల్‌కి ఫోనివ్వండి ఆంటీ."

"పాస్‌పోర్టు నాది, నాతోనే చెప్పు" అన్నాను.

"మీది ఉత్త డిపెండెంటే కదా ఆంటీ, మెయిన్ అంకుల్‌దే, అది కరెక్ట్‌గానే ఉంది. మీరు లోపలికైతే వచ్చేశారుగా, ఇంక గొడవెందుకు?"

ఉత్త డిపెండెంట్! ఆ 800,000 బాట్లలో సగం నా పీఎఫ్ డబ్బు. జీవితమంతా ఉద్యోగం చేసి దాచుకున్నది. రూల్ ప్రకారం ఖాతా ఆయన ఒక్కరి పేరున ఉండాలంటే నా డబ్బు ఆయన ఖాతాలో వేశాం. నా వీసాకి విలువ లేదని, నాతో మాట్లాడక్కర్లేదని చెప్పడానికి ఇతనెవరు? డబ్బు తీసుకునేటప్పుడు నా 3,800కి విలువ తక్కువని అనలేదే!

ఫీజు కట్టానని, ఆఫీసువాళ్ళే మర్చిపోయారని కొత్త మాట ఎత్తుకున్నాడు. ఇమిగ్రేషన్‌లో ప్రతి బాటుకీ రసీదిస్తారు, అది పంపమన్నాను. రసీదులు ఉంచుకోడట. చివరికి, తెలిసినవాళ్ళు కాబట్టి కొత్త వీసా తక్కువలో చేసిపెడతానని బేరం పెట్టాడు. డబ్బు వెనక్కిమ్మనేసరికి ఫోన్ పెట్టేశాడు. ఇప్పుడు మా ఇద్దరి నంబర్లూ బ్లాక్ చేశాడు.

ఇక నాకు మొత్తం మొదటికొచ్చింది. ముందు నాన్-ఓ వీసా, అంటే టూరిస్టు కాని వీసా, మళ్ళీ తెచ్చుకోవాలి, అది వచ్చాక దాని మీద ఏడాది ఎక్స్‌టెన్షన్‌కి మళ్ళీ పెట్టుకోవాలి. వీసాకి 2,000, ఎక్స్‌టెన్షన్‌కి 1,900, మళ్ళీ రీ-ఎంట్రీకి 3,800. డబ్బు కంటే పెళ్ళి సర్టిఫికెట్ పని ఎక్కువ. థాయ్‌లోకి తర్జుమా, ఎంబసీలో అటెస్టేషన్, బ్యాంకాక్ చేంగ్ వత్తనలో థాయ్ విదేశాంగశాఖవారి కాన్సులర్ శాఖ ధ్రువీకరణ. ఈ తిరుగుడంతా నా టూరిస్టు గడువు దాటకుండా అయిపోవాలి. దాటితే రోజుకి 500 బాట్ల ఓవర్‌స్టే జరిమానా, పాస్‌పోర్టులో మచ్చ. ఇంత వయసొచ్చాక నా పేరు మీద ఆ మచ్చ పడనివ్వను.

ఇంకో మాట. బ్యాంకులో డబ్బు లేనివాళ్ళకి తనే 800,000 సర్ది, ముద్ర పడ్డాక తీసేసుకుంటానని ఇతను చాలామందికి చెప్తున్నాడు. ఎక్స్‌టెన్షన్ వచ్చాక కూడా మూడు నెలలు ఆ మొత్తం ఖాతాలో కదలకుండా ఉండాలి, ఆ తర్వాత కూడా 400,000కి తగ్గకూడదు. మర్నాడే ఖాళీ అయిన ఖాతా మీద రేపు ఎవరైనా ప్రశ్న వేస్తే జవాబు చెప్పాల్సింది మీరు. అతను అప్పుడు మీ ఫోన్ కూడా ఎత్తడు.

ప్రయాణం ఉన్నవాళ్ళు టీఎం 8 ఫారం (రీ-ఎంట్రీ దరఖాస్తు), ఒక ఫోటో, ఫోటోకాపీలు పట్టుకుని ఇమిగ్రేషన్ ఆఫీసుకి స్వయంగా వెళ్ళండి, కష్టమేం కాదు. ముద్రలో మల్టిపులా సింగిలా, ఏ తేదీ వరకు అన్నది ఇద్దరి పాస్‌పోర్టుల్లోనూ విడివిడిగా చూసుకోండి. భార్యదీ చూడండి, భర్తది చూసి సరిపెట్టుకోకండి. ముద్ర లేదని ఎయిర్‌పోర్టుకి వెళ్ళాక తెలిసినా కంగారు పడొద్దు, సువర్ణభూమిలో విమానం ఎక్కేముందు కూడా రీ-ఎంట్రీ ఇచ్చే కౌంటర్ ఉంది. కాస్త ముందుగా చేరుకోండి.

అతని దగ్గర మీ పాస్‌పోర్టు గానీ బ్యాంకు పుస్తకం గానీ ఉంటే, పని పూర్తికాకపోయినా సరే, ఇవాళే వెళ్ళి వెనక్కి తెచ్చుకోండి.