మలుపులో మూగబోయే హారన్‌ను బాగుచేసిన దేవరకొండ రోడ్డు ఎలక్ట్రీషియన్

మా పాత చిన్న కారుకి వింత రోగం పట్టుకుంది. స్టీరింగ్ సీదాగా ఉంటే హారన్ మోగుతుంది, తిప్పితే మోగదు. హారన్ అసలు కావాల్సిందే మలుపులో కదా! నేను రోజూ నల్లగొండ నుంచి కనగల్ వైపు బడికి వెళ్లి వస్తాను. వరికోతల రోజుల్లో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి, మిగతా సగంలో గొర్రెలు. ఒకరోజు మలుపు తిరుగుతుంటే మంద అడ్డమొచ్చింది. బటన్ ఎంత నొక్కినా టక్కు టక్కుమనడమే తప్ప మోత లేదు. అద్దం దించి "తాతా, జర పక్కకు కొట్టుండ్రి" అని అరవాల్సి వచ్చింది. తాత జరిగాడు గానీ గొర్రెలు జరగలేదు.

మొదట వెళ్లిన షాపు పేరు చెప్పను. బానెట్ ఎత్తకముందే హారన్లు పోయాయని తేల్చేసి, 900 రూపాయలకు కొత్త జత బిగించారు. అక్కడే నొక్కి చూపించారు, బ్రహ్మాండంగా మోగింది. మోగదా మరి, బండి సీదాగా నిలబెట్టి ఉంది! రోడ్డెక్కి ఎడమకు తిప్పగానే కొత్త హారన్లు కూడా నోరు మూసుకున్నాయి.

తర్వాత మా అటెండర్ చెబితే దేవరకొండ రోడ్డులో వేపచెట్టు కింద ఉండే ఈ ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లాను. బోర్డు లేదు, వరసగా పేర్చిన పాత బ్యాటరీలే గుర్తు. ఆయన అడిగిన మొదటి మాటే నాకు నచ్చింది. "సీదా ఉంటే మోగుతదా మేడం, తిప్పినా మోగుతదా?"

నన్ను స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టి, హారన్ వైర్లు ఊడదీసి వాటి మధ్య ఒక బల్బు పెట్టాడు. నొక్కమన్నాడు, వెలిగింది. తిప్పి నొక్కమన్నాడు, వెలగలేదు. "హారన్ మంచిగనే ఉన్నది, ఉత్తగనే మార్పిచ్చిండ్రు" అన్నాడు. నా 900 గుర్తొచ్చి కడుపు మండింది. తర్వాత హారన్ వైర్లు మళ్లీ తగిలించి, స్టీరింగ్ కింద కవర్ విప్పి, అక్కడి హారన్ వైరును బండి బాడీకి ఆనించాడు. వీధంతా అదిరేలా మోగింది. అంటే కింది వైరింగ్ బాగానే ఉంది, దొంగ పైనే దాక్కున్నాడన్నమాట.

స్టీరింగ్ నట్టు విప్పి తీశాక నన్ను పిలిచి చూపించాడు. బటన్ స్టీరింగ్‌తో పాటు తిరుగుతుంది, కింది వైరు తిరగదు. రెండింటినీ కలిపేది ఒక రాగి రింగు, దాని మీద రాసుకుంటూ పోయే చిన్న స్ప్రింగు పిన్ను. సీదాగా ఉన్నప్పుడు పిన్ను ఆనే చోట రింగు మెరుస్తోంది, మిగతా చుట్టూ నల్లటి మడ్డి. పిన్ను అరిగి చింతగింజంత కూడా లేదు. రింగును పెట్రోలు గుడ్డతో తుడిచి, సన్న గరుకు కాగితంతో రుద్ది, డబ్బాలోంచి ఏదో పాత స్విచ్చు తాలూకు పిన్ను తీసి వేశాడు. మొత్తం 300 రూపాయలు.

మా బండికి ఎయిర్‌బ్యాగ్ లేదు కాబట్టి సరిపోయింది. ఉన్న బండ్లలో రింగు బదులు చుట్టలా ఉండే కేబుల్ ఉంటుంది, అది తెగితే వేలల్లో ఖర్చు. వాటి స్టీరింగ్ తను విప్పనని, షోరూమ్‌కే పొమ్మంటానని ఆయనే చెప్పాడు. చేతకానిది చేతకాదని చెప్పే మెకానిక్ నాకు ఇన్నేళ్లలో మొదటిసారి తగిలాడు.

లోపాలూ ఉన్నాయి. స్టీరింగ్ సగం విప్పి ఉండగా ఒక ట్రాక్టర్ స్టార్ట్ కావడం లేదని వస్తే అటు వెళ్లిపోయాడు. గంటంబావు ఒకే ఒక్క ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. తిరిగి బిగించేటప్పుడు స్టీరింగ్ అది కూర్చునే రాడ్డు పళ్లలో ఒక పన్ను పక్కకు పడింది. బండి నేరుగా పోతున్నా స్టీరింగ్ ఎడమకు వాలి కనిపించింది. తీసేముందు గీత పెట్టుకుంటే ఈ తంటా ఉండేది కాదు. మర్నాడు వెళ్తే డబ్బులు తీసుకోకుండా సరిచేశాడు. బిల్లు ఇవ్వడు, ఫోన్ ఎత్తడు.

అయిదుకి నాలుగు ఇస్తాను. వెళ్లేవాళ్లు పొద్దున పదింటికల్లా వెళ్లండి, ఆ తర్వాత ట్రాక్టర్ల వంతు.