లేహ్ దారిలో హిమాలయన్ 411: కొన్నేళ్ళ వాడకం తర్వాత

రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ బైకులో 450 మోడల్ వచ్చాక పాత 411 కొత్తది దొరకడం లేదు. సెకండ్ హ్యాండ్‌లో తీసుకుని లడఖ్ వెళ్దామనుకునేవాళ్ళు ముందుగా అడిగేది, "24 హార్స్‌పవర్ సరిపోతుందా?" అని. సరిపోతుంది. అసలు అడగాల్సింది ట్యూబ్ టైర్ల గురించి.

ముందు బలం సంగతి. మనాలి–లేహ్ దారిలోని తంగ్‌లంగ్ లా కనుమ ఎత్తు 5,328 మీటర్లు. అక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉండేదానికి దాదాపు సగమే, కాబట్టి టర్బో లేని ఇంజన్ ఏదైనా దాదాపు సగం బలమే ఇస్తుంది. ఈ బండికి మిగిలేది 12–13 హార్స్‌పవర్. ఫ్యూయల్ ఇంజెక్షన్ గాలికి తగ్గట్టు పెట్రోల్ తగ్గిస్తుంది గనక ఇంజన్ ముక్కదు, ప్లగ్ నల్లబడదు. అంతే తప్ప లేని ఆక్సిజన్‌ని అది పుట్టించలేదు. 2016 కార్బురేటర్ మోడల్‌కి ఆ సౌకర్యం కూడా లేదు.

బండిని కాపాడేది 32 ఎన్ఎం టార్క్, అంటే చక్రాన్ని తిప్పే బలం. అది 4,000–4,500 ఆర్‌పీఎం దగ్గరే అందుతుంది. ఆ దారిలోనే ఉన్న గాటా లూప్స్ ఘాట్ 21 మలుపుల్లో క్లచ్ ప్లేట్లు కాల్చుకునేది ఎవరంటే, సెకండ్ గేర్‌లోనే ఉండి క్లచ్ సగం పట్టి లాగేవాళ్ళు. ఫస్ట్‌కి దించి క్లచ్ పూర్తిగా వదిలేయండి. 20 కిలోమీటర్ల వేగంతో ఎక్కుతుంది, ఎక్కనివ్వండి. వెనక మనిషి, సామాను ఉంటే ఇది మరీ ముఖ్యం.

ఇక టైర్లు. ముందు 21 అంగుళాలు, వెనక 17, రెండూ స్పోక్ చక్రాలే, లోపల ట్యూబులు. పంక్చరైతే చక్రం విప్పాల్సిందే. సెంటర్ స్టాండ్ బండితోనే రావడం పెద్ద వరం. మూడు టైర్ లివర్లు, రెండు ఇరుసు నట్లకూ సరిపోయే స్పానర్లు, గాలి పంపు, రెండు ట్యూబులు పెట్టుకోండి. చోటు లేకపోతే 21 అంగుళాల ట్యూబ్ ఒక్కటైనా చాలు, అత్యవసరానికి వెనక చక్రంలోనూ ఇరికించవచ్చు. పంక్చర్ వేయడం ఇంటి దగ్గర ఒకసారి చేసి చూడండి. దారి మధ్యలో ఎత్తున ఉండే మజిలీ సర్చు చలిలో మొదటిసారి నేర్చుకునే పని కాదది.

పైకి వెళ్ళేకొద్దీ బయటి ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి గేజ్ ఎక్కువ చూపిస్తుంది. మనాలిలో ముందు 25, వెనక 32 పీఎస్ఐ పెట్టినవి పైన మూడు నాలుగు పెరిగి కనిపిస్తాయి. లేహ్‌లో పొద్దున్నే, చక్రాలు చల్లగా ఉన్నప్పుడు సరిచేసుకుని, దిగువకు వచ్చాక మళ్ళీ నింపాలి. పెట్రోల్ క్యాన్ మూత కూడా పైన మెల్లగా తిప్పండి, ఉబ్బి ఉంటుంది.

పెట్రోల్ మనాలి దాటాక వచ్చే తాండీలో నింపుకోవాలి. తర్వాతి బంకు 365 కిలోమీటర్ల అవతల అని అక్కడి బోర్డు చెబుతుంది. ట్యాంకు 15 లీటర్లు, మైలేజీ 28 అనుకుంటే లెక్కకు సరిపోయినట్టే. కానీ ఎదురుగాలి, ఫస్ట్ గేర్‌లో ఎక్కడాలు ఆ లెక్కను తినేస్తాయి. ట్యాంకు పక్కన ఉన్న ఫ్రేములకు అయిదు లీటర్లు కట్టుకోండి. పొడుగువాళ్ళ మోకాళ్ళు ఆ ఫ్రేములకే తగులుతాయి, అది వేరే గొడవ.

మంచు కరిగే వాగులు మధ్యాహ్నం తర్వాత పొంగుతాయి, కాబట్టి పొద్దున్నే దాటేయాలి. ఫస్ట్ గేర్‌లో థ్రాటిల్ ఒకే తీరున ఉంచి, క్లచ్ నొక్కకుండా, చూపు అవతలి గట్టు మీద పెట్టి వెళ్ళండి. పడితే లేపాల్సింది 190 కిలోల పైచిలుకు, అదీ ఊపిరి ఆడని చోట. మొదటి రాత్రి సర్చులో కాకుండా జిస్పాలో పడుకోమనేది కూడా అందుకే. అది దాదాపు వెయ్యి మీటర్లు దిగువన ఉంటుంది.

నచ్చనివి చెప్పాలంటే ముందు బ్రేక్ పట్టు చాలదు, దిక్సూచి అలంకారానికే. రాళ్ళ దారిలో కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు) త్వరగా అరుగుతుంది. కొనేటప్పుడు ముందు చక్రాన్ని నేల మీంచి లేపి హ్యాండిల్‌ను నెమ్మదిగా తిప్పండి. మధ్యలో గాడిలో పడ్డట్టు ఆగితే మార్చాల్సిందే. స్పోకులను స్పానర్‌తో తట్టితే వదులైనది మొద్దుగా మోగుతుంది. ఎంచుకునే వీలుంటే 2020 తర్వాతి బీఎస్6 తీసుకోండి, వెనక చక్రం ఏబీఎస్ (బ్రేక్ వేస్తే చక్రం బిగుసుకోకుండా చూసేది) ఆపే వీలు అందులోనే ఉంది. కంకర దిగుడులో అలా ఆపడం అవసరం. తాళం తీసి మళ్ళీ వేస్తే మాత్రం ఏబీఎస్ తిరిగి ఆన్ అవుతుంది, టీ తాగి బయల్దేరేటప్పుడు చూసుకోండి.