నల్ల సింహం సీటు ఎవరికి? పాత కీత్, షీరో, కొత్త కీత్

వోల్ట్రాన్ అనే కార్టూన్‌లో ఐదు సింహం ఆకారపు యంత్రాలు కలిస్తేనే పెద్ద రోబో. ఎర్రది కుడిచెయ్యి, ఆకుపచ్చది ఎడమచెయ్యి, నీలం కుడికాలు, పసుపు ఎడమకాలు. తలా మొండెమూ నల్ల సింహానివే కాబట్టి దాన్ని నడిపేవాడే నాయకుడు. ఆ సీట్లో ఎవరు మేలు?

1984 సీరియల్లోని పాత కీత్ ఆర్డర్లు వేసే మనిషి. ఇంటర్‌లాక్స్, డైనాథర్మ్స్, ఇన్‌ఫ్రాసెల్స్, మెగా థ్రస్టర్స్ అనే యంత్రభాగాలన్నీ వరసగా చూసుకుని, ముందు కాళ్లు, తర్వాత చేతులు, చివర ‘తల నేనవుతా’ అంటాడు. కత్తి తీశాడంటే రోబీస్ట్ (శత్రువులు పంపే రాక్షసి) రెండు ముక్కలే. చిక్కల్లా, అతను తప్పు చేయడు. చేయనివాడి నాయకత్వాన్ని దేంతో తూచాలి? దానికీ కారణం ఉంది. ఇది జపాన్ స్టూడియో టోయీ వాళ్ల 1981 కార్టూన్ ‘గోలయన్’ని కత్తిరించి కుట్టిన సీరియల్. అందులో నీలి సింహం పైలట్ షిరోగానే చచ్చిపోతాడు. అమెరికా వాళ్లు అతనికి స్వెన్ అని పేరు మార్చి, గాయపడ్డాడని ఆసుపత్రికి పంపేశారు. తన మనిషిని పోగొట్టుకున్న నాయకుడు ఎలా ఉంటాడో చూసే అవకాశం ఆ కత్తెరతోనే పోయింది.

చచ్చిపోయిన ఆ తకాషి షిరోగానే పేరే 2016 నెట్‌ఫ్లిక్స్ వోల్ట్రాన్ సిరీస్‌లో నాయకుడికి పెట్టారు: షీరో. గాల్రాలనే శత్రుజాతి చెర నుంచి తప్పించుకొచ్చినవాడు, కుడిచెయ్యి లోహంది. జట్టులోని కీత్, లాన్స్ కోడిపుంజుల్లా తలపడుతుంటే గొంతు పెంచకుండా సర్దేస్తాడు. ‘ఓపిక పడితే గురి కుదురుతుంది’ అని కీత్‌కి నేర్పిందీ ఇతనే. నల్ల బేయార్డ్ (నల్ల సింహం పైలట్ ఆయుధం) రెండో సీజన్ చివరిదాకా శత్రువు జార్కన్ దగ్గరే ఉండిపోయింది కాబట్టి ఆ లోహపు చేతితోనే నెట్టుకొచ్చాడు. అసలు లోపం సింహంలో ఉంది. దాని పాత పైలట్ జార్కనే. మొదటి సీజన్ చివర్లో దాన్ని తన వశం చేసుకుని షీరోని బయటికి విసిరేయిస్తాడు. రెండో సీజన్‌లో ఆ బంధం పట్టుకునే వీళ్లు ఎటు పోతే అటు వెంటపడతాడు.

షీరో మాయమయ్యాక, మూడో సీజన్లో సీటు ఈ సిరీస్‌లోని కొత్త కీత్‌కి వస్తుంది. రాగానే జార్కన్ కొడుకు లోటార్ వేసిన ఎర వెనక పరుగెత్తి, పరికరాలు పనిచేయని వాయుగ్రహంలో జట్టుని చెల్లాచెదురు చేస్తాడు. వద్దని లాన్స్ చెబుతూనే ఉంటాడు. దుడుకు తగ్గి ఆ సీటుకి తగినవాడు కావడానికి ఆరో సీజన్ దాకా పడుతుంది. (ఒక ముచ్చట: ఈ మార్పుతో ఎర్ర కవచం కీత్ నల్ల సింహంలో, నీలం కవచం లాన్స్ ఎర్ర సింహంలో, గులాబీ కవచం యువరాణి అల్లూరా నీలి సింహంలో కూర్చుంటారు. అచ్చం 1984 లెక్కే.)

జట్టు నడపడంలో మొదటి రెండు సీజన్ల షీరోకే మా ఓటు. నాయకుడు తయారవడం చూడాలంటే కొత్త కీత్. కాకపోతే మూడు నుంచి ఆరు దాకా ఒక్క సీజనూ దాటేయకూడదు. పిల్లలతో కూర్చుని ఓ ఎపిసోడ్ చూసి లేవాలంటే పాత కీత్ చాలు.

కథ తెలియనివాళ్లు ఇక్కడ ఆగండి. మూడో సీజన్లో తిరిగొచ్చి, ఆరో సీజన్లో బయటపడేదాకా నల్ల సింహం నడిపేది షీరో కాదు, అతని క్లోన్. ఆ నిర్ణయాలు మంచివైనా చెడ్డవైనా షీరో ఖాతాలో రాయకండి.