మెదడు చుట్టూ రక్తస్రావం: సీటీ యాంజియోనా, డీఎస్ఏనా?

దెబ్బ తగలకుండానే మెదడు పొరల మధ్య రక్తం చేరితే, నూటికి సుమారు 85 మందిలో కారణం రక్తనాళం మీద ఉబ్బిన బుడగ, అంటే అన్యూరిజమ్. అది మళ్లీ చిట్లకముందే జాడ పట్టాలి. అందుకు రక్తనాళాలను చూపే పరీక్షలు రెండు.

సీటీ యాంజియో: చేతి నరంలోకి రక్తనాళాలు కనిపించేలా చేసే మందు ఎక్కించి సీటీ స్కాన్, నిమిషాల్లో చిత్రాలు. ఖర్చు తక్కువ. 3 మిల్లీమీటర్ల లోపు బుడగలు తప్పిపోవచ్చు.

డీఎస్ఏ (డిజిటల్ సబ్‌ట్రాక్షన్ యాంజియోగ్రఫీ): గజ్జ నుంచో మణికట్టు నుంచో రక్తనాళంలోకి సన్నని గొట్టం పంపి, మందు ఎక్కించి ఎక్స్‌రే చిత్రాలు తీస్తారు. ఖర్చెక్కువ, నిపుణులు కావాలి, అరుదుగా పక్షవాతం ముప్పు. కానీ స్పష్టతలో దీనికి సాటి లేదు. కుదిరితే అప్పుడే సన్నని లోహపు తీగచుట్ట అయిన కాయిల్‌తో బుడగను మూసేస్తారు.

రెండింటిలోనూ అయోడిన్ మందే. కిడ్నీ జబ్బు, అలర్జీ ఉంటే ముందే చెప్పండి.

ఎమర్జెన్సీలో మొదట సీటీ యాంజియోనే. అందులో ఏమీ దొరక్కపోతే డీఎస్ఏ. "సీటీ బాగుందిగా, మళ్లీ ఎందుకు?" అని ఇంట్లోవాళ్లు దయచేసి వెనకాడొద్దు.